ఇల్లు మారితే చాలదు.. బాధ్యతా చేతులు మారాలి

కుక్కల దత్తత, తరలింపుల్లో తప్పని కఠిన నిర్ణయాలు
కరిచిన సంగతి దాస్తే కొత్తవారికి ముప్పు
ఊరు దాటించి వదిలేయడం పునరావాసం కాదు

ఇంట్లో పెంచుకున్న కుక్కను ఇక ఉంచుకోలేని పరిస్థితి వస్తే ఏం చేయాలి? వీధిలోని కుక్కలను తీసుకెళ్లాలని కాలనీవాసులు పట్టుబడితే పురపాలక సంఘం వాటిని ఎక్కడికి తరలించాలి? ఈ రెండు ప్రశ్నలూ వేర్వేరుగా కనిపించినా చిక్కు ఒక్కటే. ఇక్కడ వద్దనుకున్న కుక్క మరెక్కడో ఒకచోట ఉండి తీరాలి. ఆ చోటు ఏది, అక్కడ దాని తిండికి, టీకాలకు, ప్రవర్తనకు పూచీ ఎవరు అన్నది తేలకుండా జరిగే ప్రతి తరలింపూ సమస్యను మరొకరి వాకిట్లోకి నెట్టడమే అవుతోంది.

కుక్కకు కొత్త చోటు చూపడం దయతో చేసే పనిగానే చాలామంది భావిస్తారు. దయ ఒక్కటే సరిపోదని అనుభవం చెబుతోంది. కుక్కతో పాటు దాని గతం, దాని ఖర్చు, దానిపై చట్టపరమైన బాధ్యత కూడా స్పష్టంగా చేతులు మారినప్పుడే ఆ నిర్ణయం కుక్కకూ మనుషులకూ మేలు చేస్తుంది.

మూడు ఉత్తర్వులు.. మూడు దారులు

ఈ చిక్కు ఎంత జటిలమైనదో 2025లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులే చాటాయి. ఢిల్లీలో కుక్కకాట్లు, రేబిస్ మరణాలపై వచ్చిన పత్రికా కథనాన్ని సర్వోన్నత న్యాయస్థానం ఆ ఏడాది జులై 28న సుమోటోగా విచారణకు స్వీకరించింది. ఢిల్లీ, పరిసర ప్రాంతాల్లోని వీధి కుక్కలన్నింటినీ పట్టి ఆశ్రయ కేంద్రాలకు తరలించాలని, తిరిగి వీధుల్లోకి వదలరాదని ఆగస్టు 11న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆదేశించింది. దేశవ్యాప్తంగా దీనిపై తీవ్ర చర్చ జరిగింది.

ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ ఆదేశాన్ని సవరించింది. కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేసి, రేబిస్ టీకా వేసిన తర్వాత కుక్కలను పట్టుకున్న చోటే వదలాలని చెప్పింది. రేబిస్ సోకినవి, సోకినట్లు అనుమానం ఉన్నవి, దూకుడుగా ప్రవర్తించేవి మాత్రం దీనికి మినహాయింపు. దత్తతకు సంబంధించిన కీలక అంశమూ ఈ ఉత్తర్వులో ఉంది. జంతుప్రేమికులు దరఖాస్తు చేసుకుంటే పురపాలక సంస్థలు వీధి కుక్కలను గుర్తింపు వేసి అప్పగించవచ్చు. అలా తీసుకున్న కుక్క తిరిగి వీధిలోకి రాకుండా చూసే బాధ్యత మాత్రం దరఖాస్తుదారుదే. విచారణ పరిధిని అన్ని రాష్ట్రాలకూ విస్తరించారు.

నవంబరు 7న మరో ఉత్తర్వు వెలువడింది. విద్యాసంస్థలు, ఆసుపత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్లలోని కుక్కలను తొలగించి, శస్త్రచికిత్స, టీకా అనంతరం ఆశ్రయ కేంద్రాల్లో ఉంచాలని, పట్టిన చోట తిరిగి వదలరాదని న్యాయస్థానం ఆదేశించింది. నాలుగు నెలలు తిరగకుండానే మొత్తంగా తరలించడం, యథాస్థానంలో వదలడం, ఎంపిక చేసిన చోట్ల నుంచి తొలగించడం అనే మూడు దారులు తెరపైకి వచ్చాయి. మూడింటిలోనూ జవాబు వెతకాల్సిన ప్రశ్న ఒక్కటే: ఆ కుక్క ఎక్కడ ఉండాలి?

లెక్క తప్పుతున్నది ఇక్కడే

దేశంలో 2019 పశుగణన ప్రకారం వీధి కుక్కలు సుమారు 1.53 కోట్లు. 2024లో 37.17 లక్షల కుక్కకాటు కేసులు నమోదైనట్లు, రేబిస్‌తో 54 మంది మరణించినట్లు అనుమానిస్తున్నట్లు కేంద్రం 2025 జులైలో పార్లమెంటుకు తెలిపింది. ప్రపంచంలోని రేబిస్ మరణాల్లో 36 శాతం భారత్‌లోనే సంభవిస్తున్నాయన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పిల్లలను బడికి పంపే తల్లిదండ్రుల భయం అర్థం లేనిదేమీ కాదు. హైదరాబాద్ అంబర్‌పేటలో 2023 ఫిబ్రవరిలో నాలుగేళ్ల బాలుడు వీధి కుక్కల దాడిలో మరణించిన ఘటన రెండు తెలుగు రాష్ట్రాలనూ కలచివేసింది.

అయితే అన్నింటినీ ఆశ్రయ కేంద్రాలకు పంపడం చెప్పినంత తేలిక కాదు. ఉదాహరణకు ఒక చిన్న పట్టణంలో 2 వేల కుక్కలు ఉన్నాయనుకుందాం. ఒక్కోదానికి రోజుకు రూ.40 చొప్పున తిండికి ఖర్చయినా రోజుకు రూ.80 వేలు, ఏడాదికి రూ.2.92 కోట్లు కావాలి. షెడ్లు, నీరు, సిబ్బంది జీతాలు, వైద్యం దీనికి అదనం. కుక్క పదేళ్లకు పైగా బతుకుతుంది కనుక ఇది ఒక్క ఏడాదితో తీరే ఖర్చూ కాదు. కిక్కిరిసిన షెడ్లలో కొట్లాటలు, అంటురోగాలు ప్రబలితే ఆశ్రయమే శాపంగా మారుతుంది.

పట్టిన కుక్కలను రాత్రికి రాత్రి ఊరి పొలిమేర దాటించి వదిలేయడం చాలాచోట్ల అలవాటుగా మారింది. దీనివల్ల ఎవరికీ ఒరిగేదేమీ లేదు. ఖాళీ అయిన వీధిలోకి టీకా వేయని కొత్త కుక్కలు చేరతాయి. తెలియని చోట పడ్డ కుక్క తిండి కోసం, చోటు కోసం అక్కడి వాటితో కలబడుతుంది, బెదిరి మనుషులపైనా తిరగబడుతుంది. ఒక ప్రాంతంలోని కుక్కల్లో కనీసం 70 శాతానికి టీకా అందితేనే రేబిస్ గొలుసు తెగుతుందని నిపుణులు చెబుతారు. టీకా వేసిన కుక్కను ఊరు దాటిస్తే ఆ మేరకు రక్షణ కవచమూ పోతుంది. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనలు పట్టిన చోటే వదలాలని చెప్పడానికి ప్రధాన కారణం ఇదే.

పెంచలేమంటే.. ముందు ఆలోచించాల్సిందేమిటి?

పెంపుడు కుక్కల విషయంలో కథ మరోలా ఉంటుంది. ఉద్యోగ బదిలీ, అద్దె ఇంటి యజమాని అభ్యంతరం, ఇంట్లో పసిబిడ్డ రాక, ఎలర్జీ, పెరిగిన ఖర్చు.. కారణాలు అనేకం. పిల్లలు అమెరికాలో స్థిరపడి వృద్ధ తల్లిదండ్రులను తీసుకెళ్తే ఇక్కడ మిగిలిపోయే కుక్కలూ ఉన్నాయి. యజమాని మరణిస్తే బంధువులెవరూ ముందుకు రాక వాకిట్లోనే ఎదురుచూసేవీ ఉన్నాయి.

వీటిలో కొన్ని నిజంగా తప్పనివి. మరికొన్నింటికి పరిష్కారం ఉంది. మగ కుక్క తరచూ పారిపోతున్నా, ఆడ కుక్క ఎదకు వచ్చినప్పుడల్లా గేటు ముందు గుంపు చేరుతున్నా శస్త్రచికిత్సతో చాలావరకు తగ్గుతుంది. ఇన్నాళ్లూ సాధువుగా ఉన్న కుక్క ఉన్నట్టుండి గుర్రుమంటుంటే చెవిపోటో, కీళ్లనొప్పో, పుచ్చిన పన్నో కారణం కావచ్చు. ముందు పశువైద్యుడికి చూపించాలి. అపార్టుమెంటు సంఘం వద్దంటోందని వదులుకునేవారికి మరో సంగతి తెలియాలి. మెజారిటీ తీర్మానంతోనైనా పెంపుడు జంతువులను నిషేధించే అధికారం నివాసితుల సంఘాలకు లేదని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది.

దారి లేదని తేలాకే కొత్త ఇంటి వెతుకులాట మొదలుపెట్టాలి. వీధిలో వదిలేయడం మాత్రం దారి కాదు. ఆకలిదప్పులతో అలమటించేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం నేరం. తొలి నేరానికి జరిమానా రూ.10 నుంచి రూ.50 మాత్రమే కావడంతో ఆ చట్టమంటే ఎవరికీ జంకు లేకుండా పోయింది. ఇంటి తిండికి అలవాటుపడిన కుక్కకు వీధిలో బతకడం చేతకాదు. వాహనాల కిందో, ఇతర కుక్కల దాడిలోనో వాటి కథ ముగుస్తుంది.

ఎవరికి ఇవ్వాలన్నదే అసలు పరీక్ష

అడిగిన మొదటి మనిషికి అప్పగించి చేతులు దులుపుకోవడం మరో పొరపాటు. మామిడి తోటకో, కోళ్ల ఫారానికో కాపలాకు ఇచ్చేయడం జిల్లాల్లో సాధారణం. ఏసీ గదిలో పెరిగిన బొచ్చు కుక్క మండుటెండలో షెడ్డు పక్కన గొలుసుకు బందీ అయితే ఎన్నాళ్లు బతుకుతుంది? అదే సమయంలో ఆరుబయట తిరిగిన నాటు కుక్కను రెండు గదుల ఫ్లాట్‌లో బంధించి, అరుస్తోందని తిరిగి తెచ్చి వదిలేసే సందర్భాలూ తక్కువేమీ కాదు. జాతి, రంగు, అందం చూసి కాక ఆ కుక్క అలవాట్లు, ఆ ఇంటి తీరు పొసగుతాయా లేదా అన్నది చూసి నిర్ణయించాలి.

జాతి కుక్క ఉచితంగా వస్తుందంటే అడిగేవారు ఎక్కువ. వారిలో పిల్లల వ్యాపారం కోసం ఆడ కుక్కలను సేకరించేవారూ ఉంటారు. అప్పగించే ముందే శస్త్రచికిత్స చేయిస్తే ఈ బెడద తప్పుతుంది. కలిసి పెరిగిన రెండింటిని విడదీయాలా, ఇద్దరినీ తీసుకునే ఇల్లు దొరికేదాకా ఆగాలా అన్నది మరో సందిగ్ధం. ఒకటి లేకపోతే రెండోది తిండి మానేసేంత బెంగ పెట్టుకుంటుందా అని కొద్దిరోజులు గమనించి తేల్చుకోవాలి.

ముసలి కుక్కల పరిస్థితి మరీ దయనీయం. పదేళ్లు దాటినదాన్ని తీసుకునేవారు అరుదు. అలాంటప్పుడు తెలిసిన మనుషుల మధ్యే దాని చివరి రోజులు గడిచేలా బంధువుల్లోనో, ఇరుగుపొరుగులోనో ఒకరిని ఒప్పించి, మందుల ఖర్చు పాత యజమానే భరించడం మేలైన మార్గం. కుక్కను ఇచ్చేశాక కూడా కొంత బాధ్యత మోయడమన్నది వినడానికి కొత్తగా ఉన్నా న్యాయమైనదే.

కొత్త ఇంటికి అలవాటుపడేందుకు కుక్కకు వ్యవధి కావాలి. బెదురు తగ్గేందుకు మూడు రోజులు, దినచర్య వంటబట్టేందుకు మూడు వారాలు, ఇది నా ఇల్లన్న నమ్మకం కుదిరేందుకు మూడు నెలలు పడుతుందని ఆశ్రయ కేంద్రాల నిర్వాహకులు ఒక అంచనాగా చెబుతుంటారు. రెండో రోజే తినడం లేదని, మూలన నక్కుతోందని తిప్పి పంపితే ఆ కుక్కపై మరో దెబ్బ పడినట్లే.

కరిచే కుక్కను ఏం చేయాలి?

అన్నింటిలోకీ కష్టమైన నిర్ణయం ఇదే. ఒకసారి కరిచిన కుక్కను మరొకరికి ఇవ్వవచ్చా? తోక తొక్కితేనో, తింటుంటే పళ్లెం లాగితేనో బెదిరి ఒక గాటు పెట్టడం వేరు. ఏ కారణమూ లేకుండా వెంటబడి పలుమార్లు కరవడం వేరు. మొదటి రకానికి చిన్నపిల్లలు లేని, కుక్కల తీరు తెలిసిన ఇల్లు సరిపోవచ్చు. రెండో రకాన్ని శిక్షకులు, పశువైద్యులు పరీక్షించి చెప్పేదాకా ఎవరికీ ఇవ్వరాదు.

ఎవరికి ఇచ్చినా కరిచిన సంగతి దాచడం క్షమించరానిది. చెబితే ఎవరూ తీసుకోరన్న భయంతో పాత యజమాని మౌనం వహిస్తే, ఆ మౌనానికి మూల్యం కొత్త ఇంట్లోని పసిపిల్లలు చెల్లించాల్సి రావచ్చు. తన వద్ద ఉన్న జంతువు వల్ల మనుషులకు ప్రమాదం జరగకుండా తగిన జాగ్రత్త తీసుకోకుంటే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద 6 నెలల వరకు జైలు లేదా రూ.5 వేల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. అసలు విషయం తెలియని కొత్త యజమాని ఆ జాగ్రత్త తీసుకునేదెలా?

రేబిస్ కోణంలోనూ తొందర పనికిరాదు. కరిచిన కుక్కను 10 రోజులు పరిశీలనలో ఉంచాలి. ఆలోగా దానిని మరో ఊరికి పంపేస్తే బాధితుడికి, వైద్యుడికి అందాల్సిన కీలక సమాచారం పోతుంది. గాయాన్ని వెంటనే సబ్బు, ధారగా పారే నీటితో 15 నిమిషాలు కడిగి టీకా మొదలుపెట్టడాన్ని మాత్రం పరిశీలన పేరుతో వాయిదా వేయరాదు.

ఎంత ప్రయత్నించినా మారని, తరచూ తీవ్రంగా గాయపరిచే పెంపుడు కుక్క విషయంలో కారుణ్య మరణం ప్రస్తావన వస్తుంది. అది కోపంలోనో, ఇరుగుపొరుగు ఒత్తిడితోనో తీసుకునే నిర్ణయం కాకూడదు. పశువైద్యుడు పరీక్షించి, ఇతర మార్గాలన్నీ మూసుకుపోయాయని తేల్చాకే ఆ మాట రావాలి. వీధి కుక్కల విషయంలో నిబంధనలు ఇంకా కఠినం. నయంకాని జబ్బు, ప్రాణాంతక గాయం ఉన్నట్లు నిర్ధారణ అయితేనే నిపుణుడైన పశువైద్యుడి చేతుల మీదుగా కారుణ్య మరణానికి 2023 నిబంధనలు అనుమతిస్తాయి. రేబిస్ సోకినదాన్ని సహజంగా మరణించేవరకు విడిగా ఉంచాలి.

జాతిని బట్టి తీర్పు చెప్పడమూ వివాదాస్పదమైంది. పిట్‌బుల్, రాట్‌వీలర్ సహా 23 జాతుల పెంపకానికి అనుమతులు ఇవ్వరాదని కేంద్రం 2024 మార్చి 12న రాష్ట్రాలకు లేఖ రాసింది. సంబంధిత వర్గాలను సంప్రదించలేదంటూ కర్ణాటక హైకోర్టు అదే ఏడాది ఏప్రిల్‌లో దాన్ని కొట్టివేసింది. ఆ కొద్దివారాల్లోనే భయపడిన యజమానులకు ఎదురైన ప్రశ్న.. ఇన్నాళ్లూ పెంచినదాన్ని ఇప్పుడు ఎవరు తీసుకుంటారని.

అమెరికా నేర్పిన పాఠం

ఈ విషయంలో అమెరికాలో 2007లో జరిగిన ఉదంతం ఆలోచింపజేస్తుంది. ప్రముఖ అమెరికన్ ఫుట్‌బాల్ క్రీడాకారుడు మైకేల్ విక్‌కు వర్జీనియాలో ఉన్న స్థలంలో కుక్కల పందేలు నడుస్తున్నట్లు బయటపడింది. అధికారులు సుమారు 50 పిట్‌బుల్ కుక్కలను స్వాధీనం చేసుకున్నారు. కొట్లాటకే పెంచిన వీటిని మార్చలేమని, కారుణ్య మరణమే మేలని కొన్ని జంతు సంక్షేమ సంస్థలే అప్పట్లో వాదించాయి.

న్యాయస్థానం మాత్రం ఒక్కో కుక్కను విడివిడిగా పరీక్షింపజేసింది. వాటి బాగోగులు చూసేందుకు ఒక న్యాయశాస్త్ర ఆచార్యురాలిని సంరక్షకురాలిగా నియమించింది. మితిమీరిన దూకుడు కారణంగా కారుణ్య మరణానికి గురైంది ఒక్కటే. అత్యంత కష్టమైన 22 కుక్కలు యూటా రాష్ట్రంలోని ఆశ్రయ కేంద్రానికి చేరాయి. కొన్నింటికి ఇళ్లు దొరకగా, మరికొన్ని చివరిదాకా అక్కడే ఉండిపోయాయి. వాటి సంరక్షణకు సుమారు 9.28 లక్షల డాలర్లు చెల్లించాల్సింది విక్ అని తీర్పు వచ్చింది. అన్నీ మంచివేనన్న గుడ్డి నమ్మకం గానీ, అన్నీ చెడ్డవేనన్న ముద్ర గానీ అక్కడ పనిచేయలేదు. ఒక్కోదాన్నీ చూసి నిర్ణయించడం, ఆ నిర్ణయం అమలుకు డబ్బు కేటాయించడమే ఫలితమిచ్చింది.

నిర్ణయం లేనిచోట విషప్రయోగం

మన పల్లెల్లో ఈ రెండూ కొరవడుతున్నాయి. ఫలితం ఎలా ఉంటుందో ఇటీవలి ఘటనలు చూపాయి. మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్ గ్రామంలో 2024 ఫిబ్రవరిలో సుమారు 20 కుక్కలను కాల్చి చంపారు. 2026 జనవరిలో హనుమకొండ, కామారెడ్డి జిల్లాల్లోని గ్రామాల్లో వందల సంఖ్యలో కుక్కలను చంపారన్న ఫిర్యాదులపై కొందరు సర్పంచులు సహా పలువురిపై పోలీసులు కేసులు నమోదు చేశారు. కుక్కల బెడద తీరుస్తామన్న ఎన్నికల హామీలే ఇందుకు దారితీశాయన్న ఆరోపణలు వచ్చాయి. జంతువును చంపడం, వికలాంగను చేయడం భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద 5 ఏళ్ల వరకు జైలుశిక్షకు దారితీసే నేరం.

గ్రామస్థుల గోడు నిజం. కుక్కలు గొర్రెలను, మేకలను చీల్చేస్తుంటే, పిల్లలు బయటకు రావడానికి జంకుతుంటే సర్పంచిపై ఒత్తిడి ఉంటుంది. కానీ పంచాయతీకి శస్త్రచికిత్స కేంద్రం అందుబాటులో లేదు, పట్టేందుకు శిక్షణ పొందిన సిబ్బంది లేరు, నిధులు లేవు. జంతు జనన నియంత్రణ బాధ్యతను స్థానిక సంస్థలపై మోపిన నిబంధనలు దానికి వనరులు ఎక్కడివన్నది తేల్చలేదు. కొన్ని మండలాలకు కలిపి ఒక కేంద్రం ఏర్పాటు చేసి, పశుసంవర్ధక శాఖ వైద్యులను అనుసంధానించడం ఆచరణ సాధ్యమైన మార్గం. కోడి మాంసం దుకాణాల వ్యర్థాలను రోడ్ల పక్కన పారబోయకుండా కట్టడి చేస్తే కుక్కలు ఒకచోట గుంపు కట్టడం సగం తగ్గుతుంది.

దత్తత ఈ ప్రయత్నానికి తోడు కాగలదే తప్ప ప్రత్యామ్నాయం కాదు. హైదరాబాద్‌లో జీహెచ్‌ఎంసీ 2025 ఆగస్టు 17న దేశీ కుక్కపిల్లల దత్తత మేళా నిర్వహించింది. రెండు మూడు నెలల పిల్లలు కొత్త ఇంటికి త్వరగా అలవాటుపడతాయి కనుక ఇలాంటి మేళాలు జిల్లా కేంద్రాల్లోనూ జరపవచ్చు. నాటు కుక్కలు మన ఎండలకు తట్టుకుంటాయి, ఖర్చూ తక్కువే. అయితే పంచిన పిల్లల సంఖ్య చూసి మురిసిపోవడం కాక, ఆరు నెలల తర్వాత వాటిలో ఎన్ని అదే ఇంట్లో ఉన్నాయో పరిశీలించాలి. ఆ లెక్క తీయని మేళా వేడుకగానే మిగులుతుంది.

అప్పగించే ముందు.. తీసుకునే ముందు

* కుక్క వయసు, జబ్బులు, టీకాలు, శస్త్రచికిత్స వివరాలు కాగితంపై రాసి ఇవ్వాలి. కరిచిన చరిత్ర ఉంటే తేదీతో సహా చెప్పాలి.
* మూడు నెలలు నిండిన పిల్లకు రేబిస్ టీకా వేయించాలి. ఆ తర్వాత పశువైద్యుడి సూచన మేరకు కొనసాగించాలి.
* రెండు నెలలు నిండకుండా పిల్లను తల్లి నుంచి వేరు చేయరాదు.
* కొత్త ఇంటిని స్వయంగా చూడాలి. పగలంతా ఎవరుంటారు, కుక్కను ఎక్కడ ఉంచుతారు, ఇంట్లో అందరికీ ఇష్టమేనా అని అడగాలి.
* తీసుకునేవారు బదిలీలు, ప్రయాణాలు వస్తే ఎవరు చూస్తారో ముందే తేల్చుకోవాలి. పదేళ్ల ఖర్చు లెక్క వేసుకోవాలి.
* పొసగకపోతే వీధిలో వదలకుండా తిరిగి తమకే అప్పగించాలని పాత యజమాని లేదా సంస్థ రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవాలి.
* మొదటి మూడు నెలలు తరచూ వెళ్లి చూడాలి.

సుప్రీంకోర్టులో ఈ వ్యవహారంపై విచారణ 2026 జనవరిలోనూ కొనసాగింది. న్యాయస్థానాలు హద్దులు గీయగలవు, గడువులు విధించగలవు. ఏ కుక్క ఏ ఇంటికి తగినది, ఏది ఎవరికీ ఇవ్వకూడనిది అన్నది మాత్రం దానిని ఎరిగిన యజమాని, పరీక్షించిన పశువైద్యుడు, అప్పగించే స్థానిక సంస్థ కలిసి తేల్చాల్సిందే. ఆ ముగ్గురిలో ఎవరు తప్పుకున్నా ఆ భారం చివరికి పడేది వీధిలో నడిచే పిల్లలపైనా, నోరులేని జీవిపైనా.